మెరకా? పల్లమా?

రండి, అలా కూర్చోండి. చలి మొదలైంది కదా, ఈ బాల్కనీ తలుపు కాస్త దగ్గరకి వేస్తాను. టీ పొయ్యి మీద ఉంది. అది వచ్చేలోగా నిన్న పొద్దున్న సంగతి చెబుతాను.

ఇంకా తెల్లవారలేదు. మా అపార్టుమెంటు వాచ్‌మన్ ఇంటర్‌కమ్‌లో పిలిచాడు. “సార్, మంజీరా వచ్చింది. సంపు నింపుతున్నా.”

హైదరాబాదులో కుళాయి నీళ్ళకి మంజీరా అనేదే వాడుక పేరు. 1965 ప్రాంతంలో సంగారెడ్డి వైపు నుంచి మంజీర నీళ్ళు నగరానికి రావడం మొదలైనప్పుడు ఆ పేరు జనం నాలుక మీద స్థిరపడిపోయింది. 2004లో కృష్ణ వచ్చింది, 2015లో గోదావరి వచ్చింది. అయినా బిందె పట్టుకున్న మనిషి నోట మంజీరాయే. మా నిజాంపేట వైపు వస్తున్నవి గోదావరి నీళ్ళు. “ఇవి గోదారి నీళ్ళయ్యా” అందామని నోటిదాకా వచ్చి ఆగిపోయాను. మంజీర మాత్రం ఎక్కడికి పోతుంది? నిజామాబాద్ జిల్లా కందకుర్తి దగ్గర గోదావరిలోనే కలుస్తుంది. అతను ఏ పేరుతో పిలిచినా అది మా ఏటి నీరే.

మా ఏరు అన్నానని ఏమీ అనుకోకండి. నేను పుట్టింది వైనతేయ పాయ పక్కన ఒక ఊళ్ళో. ఉద్యోగం కోసం పట్నం వచ్చి, నిజాంపేటలో ఇల్లు కొనుక్కుని పదిహేనేళ్ళు దాటింది. మా వీధిలో సగం మందిది అటు గోదావరి జిల్లానో, ఇటు కృష్ణా జిల్లానో. సంక్రాంతికి ఈ వీధి ఖాళీ అయిపోతుంది. మిగతా రోజుల్లో ఏరే మా దగ్గరికి వస్తుంది, పైపులో.

ఎంత దూరం నుంచి వస్తుందో తెలుసా? రామగుండం దగ్గర ఎల్లంపల్లి జలాశయం నుంచి. అక్కడ నిండుగా ఉన్నప్పుడు నీటిమట్టం సముద్రం కంటే 148 మీటర్ల ఎత్తు. మనం కూర్చున్న ఈ నేల అయిదు వందల మీటర్ల పైనే. అంటే ప్రతి బిందెడు నీళ్ళనీ మూడు వందల యాభై మీటర్లకు పైగా ఎత్తి, దాదాపు 186 కిలోమీటర్ల పైపులో నడిపించి, మెట్టు మెట్టుగా పంపులతో ఘన్‌పూర్ గుట్ట మీదకి ఎక్కించి, అక్కణ్ణుంచి మన వీధుల్లోకి దింపుతున్నారు. నీరు పల్లమెరుగు అంటారు. దాన్ని మెరకెక్కించాలంటే ఇంత కరెంటు కావాలి.

ఆ పైపులోకి ఎక్కని నీరు తన దారిన తాను పోతుంది. కాళేశ్వరం దగ్గర ప్రాణహితనీ, ఇంకాస్త దిగువన ఇంద్రావతినీ కలుపుకొని, భద్రాచలం దాటాక కూనవరం దగ్గర శబరిని చేర్చుకొని, పాపికొండల ఇరుకులో నుంచి దూరి, పోలవరం దగ్గర కొండల్ని వదిలేస్తుంది. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో మొదలుపెట్టి 1465 కిలోమీటర్లు నడిచే ఏటికి చివరి వంద కిలోమీటర్లే మా ఊళ్ళు. రాజమండ్రి దాటి ధవళేశ్వరం చేరేసరికి ఎడమన గౌతమి, కుడిన వశిష్ఠ అని రెండుగా చీలుతుంది. వశిష్ఠలోంచి మళ్ళీ వైనతేయ విడివడుతుంది. ఈ పాయల మధ్య నేలే కోనసీమ.

ఇదిగో టీ వచ్చింది. తీసుకోండి. అసలు కబురు ఇప్పుడు చెబుతాను.

మా అబ్బాయి హైటెక్ సిటీలో పనిచేస్తాడు. పెళ్ళయింది, సొంత ఇల్లు కావాలంటున్నాడు. ఆమధ్య ఒక సాయంత్రం వచ్చి ఫోన్లో ఫొటోలు చూపించాడు. మూడు పడగ్గదులు, తూర్పు ముఖం, లిఫ్టు, జిమ్ము. అన్నీ చూసి నేను ఒకే మాట అడిగాను. “మెరకేనా, పల్లమా?”

వాడు నావంక చూశాడు. “నాలుగో అంతస్తు నాన్నా.”

“అంతస్తు సరేరా. కింద నేల సంగతి అడుగుతున్నాను.”

ఆ ప్రశ్న నాది కాదు, మా తాతగారిది. మా ఊళ్ళో పొలం కొన్నా, పిల్లనిచ్చినా, పాక వేసినా ఆయన మొదట అడిగే మాట అదే. పెళ్ళిసంబంధం వస్తే, “వాళ్ళది పల్లమెంత, మెరకెంత?” అనేవారు. మా వైపు పల్లం అంటే వరిచేను, మెరక అంటే తోట. గరువు అంటే ఇంకాస్త ఎత్తైన ఇసుకనేల. మీరు మా ఊరు వచ్చి చూస్తే అంతా ఒకే చదును, ఎటు చూసినా పచ్చగా, పలక పరిచినట్టు ఉంటుంది. మా తాతగారి కళ్ళకి మాత్రం అది మెట్లు మెట్లుగా కనపడేది. ఒక్క అడుగు ఎత్తు పెరిగితే పంట మారుతుంది, ఇంకో అడుగు దిగితే వృత్తే మారిపోతుంది. నేను మీకు చెప్పాలనుకున్నది ఈ అడుగుల లెక్కే.

మొదటి వింత ఏమిటంటే, డెల్టాలో ఏరు పల్లంలో ఉండదు, మెరక మీద ఉంటుంది. ఏటా వరదొచ్చినప్పుడల్లా ఒండ్రుని ముందు తన ఒడ్డుల మీదే దించుకుంటుంది. అలా వేల ఏళ్ళు గడిచేసరికి ఒడ్డు ఎత్తైపోయింది, ఒడ్డుకి దూరంగా పోయేకొద్దీ నేల దిగిపోయింది. ఏటిగట్టు మీద నిలబడి చూడండి. ఒక పక్క ఏరు, ఒక పక్క ఊరు. వరద రోజుల్లో ఏటి నీరు ఊరి వీధి కంటే ఎత్తున పోతుంటుంది. చిన్నప్పుడు ఆ రాత్రుళ్ళు ఊరి మగవాళ్ళంతా లాంతర్లు, ఇసుక బస్తాలు పట్టుకుని గట్టు మీద కాపలా తిరిగేవాళ్ళు. ఎక్కడైనా ఎలుక బొరియలోంచి నీరు ఊరితే ముందు అక్కడ బస్తా పడాలి. గండి పడితే ఊరు లేదు.

ఆ ఎత్తునే వరంగా మార్చుకున్నవాడు ఆర్థర్ కాటన్. ఆయన రావడానికి ముందు గోదావరి జిల్లా గోదావరి పక్కనే ఉండి ఎండిపోయేది. 1833 నాటి కరువు, 1839 నవంబరులో కోరంగిని ముంచేసిన ఉప్పెన ఆ నేలని పీల్చి పిప్పి చేశాయి. కాటన్ చూసిందల్లా ఒకటే. ఏరు డెల్టాకి నెత్తిన ఉంది. ఆ నెత్తి దగ్గర, ధవళేశ్వరంలో, నీటిని కాస్త ఎత్తి పట్టుకుంటే ఆ పైన పంపులు అక్కర్లేదు. కాలువల్ని మెరక వెంట నడిపిస్తే నీరు తనంతట తానే పల్లానికి దిగి ప్రతి మడికీ చేరుతుంది. తమిళ దేశంలో చోళులు కావేరి ఇసుక మీద కట్టిన కల్లణైని చూసి, ఇసుకలో పునాది ఎలా నిలబడుతుందో నేర్చుకున్నాడు. 1847లో మొదలుపెట్టి 1852కి ముగించాడు. మధ్యలో లంకల్ని కలుపుకొని సుమారు నాలుగు మైళ్ళ పొడవు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలు. పనివాళ్ళనీ సరంజామానీ సమకూర్చి ఆయన పక్కన నిలిచిన వీణెం వీరన్నని మా వాళ్ళు ఇప్పటికీ తలుచుకుంటారు.

1970లో మొదలై 1982కి పూర్తయిన బ్యారేజీ ఆ పాత ఆనకట్ట స్థానంలో వచ్చింది. దాదాపు 3.6 కిలోమీటర్లు, 175 గేట్లు, కింద పది లక్షల ఎకరాలు. మా ఊరి పూజగదిలో దేవుళ్ళ పక్కన కాటన్ దొర పటం ఉండేదంటే ఇక్కడివాళ్ళు నమ్మరు. వరి మొలకని చూసినవాళ్ళు నమ్ముతారు.

కాలువ మెరక వెంటే నడవాలన్న పట్టుదల ఎంతదాకా పోయిందో చూడండి. పి.గన్నవరం దగ్గర వైనతేయ అడ్డొచ్చింది. దాటితే అవతల నగరం లంకకి నీళ్ళందుతాయి. కాలువని కిందికి దించితే మళ్ళీ మెరకెక్కదు. అందుకని 1850ల్లోనే కమానులు కట్టి, పాయ మీదుగా కాలువని నడిపించారు. కింద ఏరు, పైన కాలువ. చిన్నప్పుడు నాన్నగారి సైకిలు మీద ఆ అక్విడెక్టు దాటుతూ, “నాన్నా, నీళ్ళ మీద నీళ్ళు పోతున్నాయి” అని అరిచేవాణ్ణి.

ఇక బతుకుల్లోకి వద్దాం. ఏటి నడుమ నుంచి మొదలెడదాం, ఎందుకంటే అక్కడ కూడా మనుషులున్నారు.

గట్టుకి ఏటి వైపున ఉన్నవి లంకలు. ఏరు తెచ్చి పోసిన మేటలు. వరదొస్తే మునుగుతాయి, తీస్తే తేలతాయి. మునిగినప్పుడు పశువుల్ని తోలుకుని, తట్టాబుట్టా నెత్తిన పెట్టుకుని గట్టెక్కడం. తేలాక చూస్తే నేల మీద కొత్త ఒండ్రు, మెత్తగా, వెన్నలాగా. ఆ ఒండ్రులో ఎరువు అక్కర్లేకుండా కూరగాయలు, అరటి, కంద పండుతాయి. చుట్టలకి వాడే లంక పొగాకుకి ఆ రుచి రావడం ఈ మట్టి వల్లే. పాలు, కూరలు పడవలో ఎక్కించి రేవు దాటించి సంతకి తేవడం లంకవాళ్ళ దినచర్య. కానీ ఏరు ఇచ్చిందే తీసుకుంటుంది కూడా. ఒక ఏడాది ఒక పక్క కోసుకుపోతుంది. నిన్న కొబ్బరి మొక్క నాటిన చోట ఇవాళ నీళ్ళు పారుతుంటాయి. పట్టా ఉంటుంది, భూమి ఉండదు. అటు బ్రహ్మపుత్ర మీద బంగ్లాదేశ్ వాళ్ళు ‘చర్’ అనేవి ఇలాంటి నేలలే. వాళ్ళకీ మనకీ మధ్య ఇంకో చుట్టరికం ఉంది. చేప.

జూలైలో ఎగువ వానలకి ఏరు ఎర్రబడుతుంది. ఎర్రనీరు వచ్చిందనగానే సముద్రంలో విలస అనే చేప ఏటికి ఎదురీదడం మొదలెడుతుంది. ఉప్పునీరు వదిలి మంచినీళ్ళలో పైకి వచ్చేకొద్దీ దాని రుచి మారుతుంది, పేరు కూడా మారి పులస అవుతుంది. బంగ్లాదేశ్ వాళ్ళు ఇలిష్ అని జాతీయ చేపగా పెట్టుకున్నది దీన్నే. పులస పులుసు గొప్పలు మీరు వినే ఉంటారు, అందుకని వాటి జోలికి పోను. నేను చెప్పదలిచింది జాలరి మాట. ఆ చేప బ్యారేజీ గేట్ల దగ్గరికి వచ్చి ఆగిపోతుంది. ఆనకట్టకి ముందు దానికి ఆ అడ్డు లేదు. పది లక్షల ఎకరాలకి పల్లం చూపించిన గోడే పులసకి మెరకైపోయింది. ఎన్ని పడవలు వల వేసినా ఆ కొద్ది దూరంలోనే వేయాలి. పట్టుబడి తగ్గేకొద్దీ ధర పెరిగింది. ధర పెరిగిందని జాలరి ఇల్లు పెంకుటిల్లు అయిందేమో చూద్దామంటే చాలాచోట్ల కాలేదు.

గట్టు దిగితే ఊరు. ఊరి చుట్టూ మెరక. మెరక మీద కొబ్బరి. కొబ్బరిచెట్టుకి వేళ్ళ దగ్గర తడి కావాలి, నీరు నిలవకూడదు. అందుకే ఆ రెండడుగుల ఎత్తు దానికి సొంతం. రెండు నెలలకో మాటు దింపు వాళ్ళు వచ్చి, కాళ్ళకి బంధం వేసుకుని చెట్టు చెట్టూ ఎక్కి కాయ దింపుతారు. వెనకాల వలుపు వాళ్ళు గునపానికి గుచ్చి పీచు తీస్తారు. కాయ అంబాజీపేట మార్కెట్టుకి, పీచు తాళ్ళ పనికి, చిప్ప పొయ్యికి, ఆకు పాకకి. పడేసేది ఏదీ ఉండదు. 1996 నవంబరు 6 రాత్రి తుపాను ఆ తోటల్ని నేలమట్టం చేసింది. లక్షల చెట్లు ఒకే వైపుకి తల పెట్టుకుని పడుకున్నాయి. కొబ్బరి మొక్క పెట్టి కాపు చూడాలంటే ఏళ్ళు పడుతుంది. మా వీధిలో ఇప్పుడు యాభై దాటినవాళ్ళని అడగండి, హైదరాబాదు ఎప్పుడు వచ్చారని. చాలామంది, “ఆ తుపాను తర్వాత” అంటారు.

ఈ కుండీలో నందివర్ధనం చూశారూ? ఇది కూడా మా వైపుదే. కడియం, కడియపులంక నర్సరీల నుంచి లారీలో వచ్చింది. కాలువ నీరు, ఒండ్రు మట్టి, అంట్లు కట్టే చేతులు దొరికిన చోట ఆ ఊళ్ళు మొక్కల ఊళ్ళయిపోయాయి. వరి కంటే పూలమొక్కకి ఎక్కువ డబ్బొస్తుందని మొదట పసిగట్టింది ఆ మెరక రైతే. మన గేటెడ్ కమ్యూనిటీల్లో వరసగా నిలబెట్టిన చెట్లలో చాలా వాటికి పుట్టిల్లు అదే.

ఇంకాస్త దిగండి, పల్లం. వరి. తొలకరిలో సార్వా, సంక్రాంతి దాటాక దాళ్వా. ఇక్కడ రాజు లస్కరు. కాలువ మీద తిరిగి తూములు ఎత్తి దించే చిన్న ఉద్యోగి. పెద్ద కాలువ నుంచి పిల్ల కాలువకి, పిల్ల కాలువ నుంచి పంట బోదెకి, బోదె నుంచి మడికి నీరు పోవాలి. దాళ్వాలో ఏటిలో నీరు తగ్గితే వంతులు పెడతారు. ఫలానా రోజు మీకు, ఫలానా రోజు మాకు. వంతు రాత్రి పడితే రాత్రే పార పట్టుకుని పోవాలి. ఆ చీకట్లో ఎగువ రైతు బోదెకి అడ్డం వేసిన ఒక్క మట్టిగడ్డ కోసం అన్నదమ్ములు మాటలు మానుకోవడం నేను చూశాను. కాలువ చివర ఉన్నవాళ్ళని శివారు రైతులంటాం. వాళ్ళకి రెండు బాధలు. ఎండాకాలం నీరు చివరిదాకా రాదు, వానాకాలం అందరి మురుగూ వాళ్ళ మీదికే వస్తుంది. నీళ్ళిచ్చే కాలువకి దక్కిన శ్రద్ధ మురుగు కాలువకి దక్కలేదు. పూడిక తియ్యక, గుర్రపుడెక్క పెరిగిపోయి, అక్కడ నీరు బయటికి పోదు. 2011లో కోనసీమ రైతులు సార్వా వెయ్యం అని పంట విరామం ప్రకటించారు. గిట్టుబాటు ధర లేదన్నారు, కూలి పెరిగిందన్నారు, వాటితోపాటే మురుగు పోవడం లేదన్నారు. నీళ్ళు లేక నాగలి దించిన రైతుల గురించి దేశానికి తెలుసు. చేను నిండా నీళ్ళుండి నాగలి దించిన రైతుల్ని అప్పుడే చూసింది.

ఆ పల్లం వెనకాల ఇళ్ళల్లో ఆడవాళ్ళ చేతులున్నాయి, వాటి లెక్క పుస్తకాలకి ఎక్కదు. ఆత్రేయపురంలో బోర్లించిన కుండ కింద మంట పెట్టి, బియ్యప్పిండి నీళ్ళల్లో గుడ్డ ముంచి ఒక్క విసురుతో కుండ మీద లాగితే కాగితం లాంటి రేకు వస్తుంది. ఆ పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు దక్కింది. నరసాపురం వైపు ఆడవాళ్ళు పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీల దగ్గర నేర్చిన లేసు అల్లి విదేశాలకి పంపారు. జర్మనీ నుంచి వచ్చిన మరియా మీస్ అనే సామాజికవేత్త ఆ అరుగుల మీద కూర్చుని చూసి 1982లో పుస్తకం రాసింది. రోజంతా అల్లే ఆ స్త్రీలని లోకం పనివాళ్ళుగా లెక్కించలేదు, ఖాళీ సమయంలో కాలక్షేపం చేసే ఇల్లాళ్ళంది. ఆ అన్యాయాన్ని ఆవిడ ప్రపంచానికి చూపించింది. మా మేనత్త చేతి వేళ్ళు దారానికి ఒరుసుకుని కాయలు కాసి ఉండేవి. అది కాలక్షేపం ఎలా అవుతుందండీ?

నరసాపురం అన్నాక మాధవాయిపాలెం చెప్పకుండా ఎలా? పదిహేడో శతాబ్దంలో ఇంగ్లీషువాళ్ళు అక్కడ ఓడలు కట్టించారు, బట్ట కొన్నారు. ఆ నేత బట్ట పేరు ‘మడపొల్లం’ అని ఇంగ్లీషు నిఘంటువుల్లో నిలిచిపోయింది. అటు గౌతమి చివర కోరంగి ఉంది. ఒకప్పుడు పెద్ద రేవు, ఓడల పట్నం. అక్కణ్ణుంచి ఎంతమంది తెలుగువాళ్ళు బర్మా ఓడలెక్కారంటే, రంగూనులో తెలుగు కూలీ అంటే ‘కోరంగీ’ అనే పేరే పడిపోయింది. ఇవాళ కోరంగిలో ఓడలు లేవు. ఉప్పెనలు సగం తుడిచాయి, మిగతా సగాన్ని ఏరే పూడ్చేసింది. తెచ్చిన ఒండ్రుతో రేవుని మూసేసి, ఆ ఒండ్రు మీదే మడ అడవిని పెంచింది. ఇంకాస్త ముందుకి పోయి సముద్రంలో హోప్ ఐలాండ్ అనే ఇసుక తిన్నెని పోసి, కాకినాడ రేవుకి అలల నుంచి అడ్డం నిలబెట్టింది. ఒక రేవుని పూడ్చిన చేత్తోనే ఇంకో రేవుని కాచింది. ఇప్పుడు ఎగువన కట్టిన ఆనకట్టలు ఆ ఒండ్రుని ఆపుతున్నాయి. ఏరు పోసే మట్టి తగ్గితే సముద్రం ముందుకొస్తుంది. ఉప్పాడ తీరం ఏటికేడాది కోసుకుపోతూ ఉంది, ఇళ్ళు, గుళ్ళు, రోడ్డుతో సహా.

అన్నిటికన్నా పల్లం కొల్లేరు. గోదావరి డెల్టాకీ కృష్ణా డెల్టాకీ మధ్య గిన్నెలా మిగిలిపోయిన సరస్సు. బుడమేరు, తమ్మిలేరు వచ్చి చేరతాయి, ఉప్పుటేరు ఒక్కటే సముద్రానికి దారి. 1999లో 308 చదరపు కిలోమీటర్లని అభయారణ్యం అన్నారు. ఎక్కడిదాకా? అయిదో కాంటూరు దాకా. సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత. ఆ గీత లోపల తవ్విన చేపల చెరువుల్ని 2006లో కొట్టేశారు. అప్పటినుంచి ఆ గీతని మూడో కాంటూరుకి దించాలని ఒక వాదన, దించితే కొల్లేరు మిగలదని ఇంకో వాదన. రెండు పక్కలా బతుకులున్నాయి, అందుకే ఆ గొడవ ఇంత బాధగా సాగుతుంది. రెండడుగుల తేడా అండీ. మన అరుగు ఎత్తు కూడా లేని తేడా మీద వేల కుటుంబాల జాతకం ఆధారపడి ఉంది.

ఇప్పుడు అర్థమైందా, మా తాతగారు అడుగులు ఎందుకు లెక్కపెట్టేవారో? ఆగస్టు వచ్చిందంటే మా ఊరి రచ్చబండ మీద రేడియో చుట్టూ మూగేవాళ్ళం. భద్రాచలంలో 43 అడుగులు దాటితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. అక్కడ పెరిగిన నీరు మర్నాటికి మా దగ్గరకి వస్తుంది. ధవళేశ్వరంలో 11.75 అడుగులు, 13.75, 17.75. ఎక్కాలు రానివాళ్ళకి కూడా ఈ అంకెలు నోటికొచ్చు. “పదమూడు ముప్పావు దాటితే మా దొడ్లోకి వస్తుంది, పదిహేనైతే పొయ్యిలోకి” అని ఎవరి ఇంటి లెక్క వాళ్ళకుండేది. 1986 ఆగస్టు 16న 35 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు మా తాతగారు గేదెల పలుపులు ముందు రోజు సాయంత్రమే కోసేశారు. ఎవరూ చెప్పలేదు, భద్రాచలం అంకె విన్నారంతే. గేదెలు ఈదుకుంటూ గట్టెక్కాయి. ఆ రాత్రి మా కుటుంబాన్ని కాపాడింది ఆ లెక్కే.

మరి ఆ తాత మనవణ్ణి నేను నిజాంపేటలో ఇల్లు కొన్నప్పుడు ఏం చేశాను? ఆఫీసుకి ఎంత దూరం అని అడిగాను, బడి ఎంత దూరం అని అడిగాను, వాస్తు చూపించుకున్నాను. మెరకా పల్లమా అని అడగలేదు. ఇది దక్కను పీఠభూమి, బండ నేల, ఏరు లేదు కదా అనుకున్నాను. నాలాగే మా వీధిలో అందరూ అనుకున్నారు.

2016 సెప్టెంబరులో వానలు పడ్డాయి గుర్తుందా? తుర్క చెరువు నీరు భండారి లేఅవుట్ మీదికి వచ్చేసింది. సెల్లార్లు మునిగాయి, కార్లు మునిగాయి, కరెంటు పోయింది. పడవలు తెచ్చి జనాన్ని బయటికి దింపారు. నిజాంపేటలో పడవ! కోటిపల్లి రేవులో పంటు ఎక్కినవాడిని, లంక నుంచి పాలు తెచ్చే నావని చూసి పెరిగినవాడిని, ఆ ఫొటో పేపర్లో చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను.

ఆ వారంలోనే ఒక పొద్దున్న ఆకుకూరల గంపతో వచ్చే పెద్దావిడని అడిగాను, ఇలా ఎందుకైందని. ఆవిడ పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. గంప దించి, చేత్తో అటు చూపించి అంది: “గదంత శిఖం జాగ సారూ. ఎనుకట గాడ మా అయ్య పొలం చేసెటోడు. చెరువు నిండితే మత్తడి దుంకి, గీ తొవ్వ పొంటే నీళ్ళు కింది చెరువుకు పోయేటియి. నీళ్ళు తొవ్వ మర్సిపోతయా?”

శిఖం, మత్తడి, తొవ్వ. నేను అప్పటిదాకా పట్టించుకోని మూడు మాటలు. శిఖం అంటే చెరువు నిండితే మునిగే నేల, ఎండితే దున్నే నేల. అంటే మా లంకే. మత్తడి అంటే నిండిన చెరువు పొర్లే చోటు. అంటే మా ధవళేశ్వరమే. తొవ్వ అంటే దారి. ఒక చెరువు మత్తడి నీరు కింది చెరువుకి, అక్కణ్ణుంచి ఇంకో చెరువుకి. ఈ బండనేల మీద ఊరి పెద్దలు ఏటికి బదులు గొలుసుకట్టు చెరువులు కట్టుకున్నారు. మా తాతగారికి తెలిసిన విద్యే ఆవిడ అయ్యకీ తెలుసు. మాటలు వేరు, లెక్క ఒకటే. ఆ లెక్క తెలిసినవాళ్ళు ఇక్కడే, మన గేటు ముందు తోటకూర అమ్ముతూ ఉంటే మనం వాళ్ళని కట్ట ఎంత అని మాత్రమే అడిగాం.

అందుకే మా అబ్బాయిని అలా అడిగాను. వాడు మొదట నవ్వినా కొట్టిపారెయ్యలేదు. వాడు డెల్టా చూసింది సెలవుల్లోనే, అయినా నెత్తురు అదే కదా. “ఎలా తెలుసుకోవాలి నాన్నా?” అన్నాడు. గ్రామ నక్షాలో చెరువు గీత ఎక్కడుందో చూడమన్నాను, పూర్తి నీటిమట్టం ఎంతవరకో అడగమన్నాను. తర్వాత ఆ పెద్దావిడని కూడా అడుగుదామన్నాను.

మొన్న ఆదివారం ముగ్గురం కలిసి వెళ్ళాం. ఆవిడ ఆ స్థలం ముందు నిలబడి, కాసేపు అటూ ఇటూ చూసి, రోడ్డు అవతల మూసేసిన ఒక కాలువ ఆనవాలు చూపించి, “గిది తొవ్వ” అంది. మా వాడు ఫోన్లో ఎత్తులు చూపించే మ్యాపు తెరిచి పోల్చుకున్నాడు. ఆవిడ చూపించిన చోట నేల, పక్క సందు కంటే రెండు మీటర్లు కిందికి ఉంది. వాడు ఆ అంకెని ఆవిడకి చూపించాడు. ఆవిడ ఫోను వంక చూడలేదు. “నాకు ఎర్కే బిడ్డా” అంది.

ఆ ఫ్లాటు వద్దనుకున్నాం. ఇంకోటి చూస్తున్నాడు. ఈసారి వాడే ముందు ఫోన్ చేసి, “నాన్నా, మెరకే” అన్నాడు.

ఇంకో కప్పు టీ తాగుతారా? సరే, వెళ్ళేముందు ఒక్కటి చెప్పండి. మీ ఇల్లు కట్టిన నేల ఒకప్పుడు ఏమిటి? చేనా, శిఖమా, తోటా, దొడ్డా? తెలియకపోతే మీ వీధిలో అందరికంటే పాతగా ఉన్న మనిషిని కనుక్కోండి. వాళ్ళు చెప్పింది ఈసారి వచ్చినప్పుడు నాకూ చెప్పాలి. వింటాను.